సీఆర్‌సీ సరిపోయింది, మరి రన్‌వే? ఎల్‌పీవీ డేటా తనిఖీ డైరీ

ఆగస్టు 2025, చివరి వారం

ఐఎల్‌ఎస్ అనే రేడియో ఏర్పాటు ఉన్న రన్‌వేకి దారి నేల మీంచే వస్తుంది. రన్‌వే అవతలి చివర లోకలైజర్, పక్కన గ్లైడ్ స్లోప్ టవరు రేడియో కిరణాలు పంపుతుంటాయి. కిరణం ఎటు ఉంటే దారి అటు. ఎల్‌పీవీ అప్రోచ్‌లో, అంటే ఉపగ్రహాల సాయంతో రన్‌వేకి దిగే దారిలో, అలాంటి యాంటెన్నా ఏదీ ఉండదు. దారిని విమానంలోని పెట్టె తనే గీసుకోవాలి. గీసుకోవడానికి దానికిచ్చే సరుకు 40 బైట్లు. థ్రెషోల్డ్ (రన్‌వే మీద దిగడానికి మొదలయ్యే గీత) ఎక్కడుంది, ఎంత ఎత్తున ఉంది, రన్‌వే ఏ దిక్కుకి పోతోంది, ఎన్ని డిగ్రీల వాలులో దిగాలి, థ్రెషోల్డ్‌ని ఎంత ఎత్తులో దాటాలి, అంతా అందులోనే. పూర్తి పేరు ఫైనల్ అప్రోచ్ సెగ్మెంట్ డేటా బ్లాక్. పొట్టిగా ఫాస్ బ్లాక్.

ఉపగ్రహాల వైపు కాపలా గట్టిగానే ఉంది. అమెరికాలో జీపీఎస్‌ని గమనిస్తూ సరిదిద్దే వాస్ వ్యవస్థ 2003 జూలై 10 నుంచి నడుస్తోంది. జీపీఎస్‌లో తేడా వస్తే నేల మీది స్టేషన్లు పసిగట్టి సెకన్లలో హెచ్చరిక పంపుతాయి. తన స్థానం మహా అయితే ఎంత తప్పి ఉండొచ్చో రిసీవరు ఎప్పటికప్పుడు లెక్క కట్టుకుంటూనే ఉంటుంది. ఆ అంచనా అడ్డంగా 40 మీటర్లు దాటినా, నిలువుగా 50 మీటర్లు దాటినా (200 అడుగుల దాకా దిగనిచ్చే అప్రోచ్‌లకైతే 35) తెర మీద ఎల్‌పీవీ అన్న మాట పోతుంది.

ఆ 40 బైట్లలోనే థ్రెషోల్డ్ తప్పుగా రాసి ఉంటే మాత్రం ఈ కాపలాలో ఒక్కటీ నోరు విప్పదు. ఉపగ్రహాలు ఎంత కచ్చితంగా పనిచేస్తే విమానం అంత కచ్చితంగా తప్పు చోటికి పోతుంది.

మా బావ ఇక్కడే డాలస్‌లో ఉంటాడు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) ఉన్న పైలట్. "బావా, పెట్టెలో రన్‌వే తప్పుగా పడితే నీకెలా తెలుస్తుంది?" అని అడిగాను. "దానికి సీఆర్‌సీ ఉంటుంది కదరా, తేడా ఉంటే పెట్టె ఆ అప్రోచ్‌నే తీసుకోదు" అన్నాడు. సీఆర్‌సీ అంటే మిగతా బైట్లన్నిటి నుంచి లెక్క కట్టి చివర జతచేసే తనిఖీ అంకె, దారిలో డేటా మారితే అది సరిపోదు. ఈ జవాబులో ఎంత నిజముందో తేల్చడమే ప్రాజెక్టు. పైథాన్‌లో రాస్తున్నాను. డేటా అంతా అందరికీ అందుబాటులో ఉన్నదే. ఇది సరదా పని. దీన్ని నమ్ముకుని ఎవరూ విమానం దింపొద్దు.

సెప్టెంబర్ మొదటి వారం

సెప్టెంబర్ 4 గురువారం నుంచి అమలయ్యే సైకిల్ ఫైలు దించుకున్నాను. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దీన్ని 28 రోజులకోసారి ఉచితంగా పెడుతుంది. పేరు సీఐఎఫ్‌పీ. లోపల ఏరింక్ 424 పద్ధతిలో 132 అక్షరాల లైన్లు, కామాలుండవు, కాలమ్ నంబర్లే దిక్కు. పేజీల కొద్దీ స్పెసిఫికేషన్ పక్కన పెట్టుకుని కాలమ్‌లు లెక్కపెట్టుకోవాలి. ఎయిర్‌పోర్టులు, వేపాయింట్లు, రూట్లు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. నాక్కావలసింది పాత్ పాయింట్ రికార్డులు మాత్రమే. అమెరికాలో ఎల్‌పీవీ అప్రోచ్‌లు 4,000 పైచిలుకు ఉన్నాయి కాబట్టి సరుక్కి కొదవ లేదు.

పాత్ పాయింట్ రికార్డులో ఫాస్ బ్లాక్ యథాతథంగా ఉండదు. దాని ముక్కలు విడివిడిగా, మనిషి చదవగలిగే అంకెల్లో ఉంటాయి. చివర 8 అక్షరాల సీఆర్‌సీ. అంటే ముక్కల్ని నేనే మళ్లీ 36 బైట్లుగా పేర్చి (40లో మిగతా నాలుగూ సీఆర్‌సీవే), సీఆర్‌సీ నేనే లెక్క కట్టి, ఫైల్లో ఉన్నదాంతో పోల్చుకోవచ్చు. విమానంలోని పెట్టె చేసే తనిఖీ కూడా దాదాపు ఇదే.

పేర్చడంలో ఉన్న మజా చెప్పాలి. ఎయిర్‌పోర్టు పేరు నాలుగక్షరాలు, ఒక్కోదానికి ఒక్కో బైటు. కానీ ఆస్కీ కోడులో కింది ఆరు బిట్లే ఉంచుకుంటారు. దాంతో ఇంగ్లిషు పెద్దక్షరం అక్షరమాలలో ఎన్నోదైతే అదే దాని కోడు అవుతుంది. ఏ అంటే 1, జెడ్ అంటే 26. పైగా కుడి వైపు అక్షరం ముందు వస్తుంది. డాలస్ ఫోర్ట్‌వర్త్ కోడు కే-డీ-ఎఫ్-డబ్ల్యూ కదా, బ్లాకులో అది 23, 6, 4, 11 అని తిరగబడి కూర్చుంటుంది. తర్వాతి బైటులో కింది ఆరు బిట్లు రన్‌వే నంబరు, పై రెండు బిట్లు కుడి, మధ్య, ఎడమ. 18 కుడి అయితే 18కి 64 కలిపి 82.

అక్షాంశ రేఖాంశాలకి 32 బిట్లు చొప్పున. కొలమానం ఆర్క్ సెకనులో 0.0005 వంతు, నేల మీద ఒకటిన్నర సెంటీమీటర్లు. ఇక్కడ డెసిమల్ భిన్నాలతో లెక్కలు వద్దని మొదటే గట్టిగా అనుకున్నాను. ఉత్తరం 32 డిగ్రీల 58 నిమిషాల 07.1230 సెకన్లు అనుకోండి. దశాంశ బిందువు తీసేసి మొత్తాన్ని సెకనులో పదివేలో వంతుల్లోకి మార్చి 5తో భాగిస్తే 237374246. మొదటి నుంచి చివరి దాకా పూర్ణాంకాలే. మధ్యలో ఒక్కచోట దశాంశ డిగ్రీల్లోకి వెళ్లొచ్చినా చివరి అంకె ఒకటి అటూ ఇటూ కావచ్చు. నేల మీద అది ఒకటిన్నర సెంటీమీటరే, ఎవడికీ పట్టదు. సీఆర్‌సీకి మాత్రం అది పూర్తిగా వేరే బ్లాకు.

మిగతావి తేలిక. 3 డిగ్రీల వాలుని 300గా రాస్తారు. 40 మీటర్ల అలర్ట్ లిమిట్‌ని (దాటితే ఎల్‌పీవీ పోయే ఆ హద్దు) 0.2 మీటర్ల మెట్లలో 200గా, 50ని 250గా, 35ని 175గా. థ్రెషోల్డ్ దగ్గర కోర్సు వెడల్పు 80 మీటర్ల నుంచి మొదలుపెట్టి పావు మీటరు మెట్లు. అమెరికాలో తరచుగా కనపడే 106.75 మీటర్లు అలా 107 అవుతుంది. యూరప్‌లో తరచుగా కనపడేది 105. దాన్ని 100గా రాస్తారు.

నిలువు అలర్ట్ లిమిట్ సున్నా ఉన్న రికార్డులు కొన్ని తగిలాయి. డేటా పాడు కాలేదు, అవి ఎల్‌పీ అప్రోచ్‌లు. వాటికి నిలువు మార్గదర్శనం ఉండదు. సున్నా పెడితే "నిలువు సూది చూపించకు" అని పెట్టెకి చెప్పినట్టు.

సెప్టెంబర్ రెండో వారం

సీఆర్‌సీ. పైథాన్‌లో రెడీమేడ్‌గా దొరికే సీఆర్‌సీ-32 ఇక్కడ పనికిరాదు. అది జిప్ ఫైళ్లది. విమానయానంలో వాడే బహుపది వేరు. దాంట్లో ఉన్న ఘాతాలు 32, 31, 24, 22, 16, 14, 8, 7, 5, 3, 1, 0. మొదలు విలువ సున్నా, చివర తిరగేయడం లేదు. ప్రతి బైటులోనూ చిన్న బిట్ ముందు వెళ్తుంది కాబట్టి బహుపదిని కూడా అద్దంలో చూసినట్టు తిప్పి వాడితే కోడు పది లైన్లలో అయిపోతుంది.

అన్నీ పెట్టి నడిపితే వరసగా సరిపోతూ పోయాయి. 4,000 పైచిలుకు లైన్లలో ఒక్కటీ ఎర్రగా రాలేదు. సంతోషించాల్సిన మాటే. కానీ అన్నీ సరిపోతే నాకు తనిఖీ మీదే అనుమానం వస్తుంది. అందుకని కావాలనే డేటా పాడుచేసి చూడటం మొదలుపెట్టాను.

ఒక బిట్ తిప్పితే పట్టుకుంది. రెండు బైట్లు తారుమారు చేస్తే పట్టుకుంది. మొదటి బైటు పూర్తిగా తీసేసి 35 బైట్లకే సీఆర్‌సీ కట్టమంటే ఏమీ అనలేదు! ఫలితం అచ్చు అదే వచ్చింది.

కాసేపు ఆలోచిస్తే విషయం బోధపడింది. మొదటి బైటులో కింది సగం అప్రోచ్ రకం, పై సగం సేవ (వాస్ లాంటి వ్యవస్థ) ఎవరిదో చెప్పే నంబరు. వాస్ నంబరు 0, యూరప్ ఎగ్నోస్ 1, జపాన్ ఎంశాస్ 2, మన గగన్ 3. నేరుగా దిగే అప్రోచ్ రకం కూడా 0. కాబట్టి అమెరికా బ్లాకులన్నిటికీ మొదటి బైటు సున్నా. మొదలు విలువ సున్నాగా ఉన్న సీఆర్‌సీకి ముందున్న సున్నాలు కనపడవు. జిప్ వాళ్లు మొదలు విలువని అన్నీ ఒకట్లుగా పెట్టుకున్నది ఇలాంటి వాటికోసమే. అంటే మొదటి బైటుని నా కోడు సరిగ్గా పేరుస్తోందా లేదా అన్నది అమెరికా డేటా మొత్తం పరీక్షించినా ఎప్పటికీ బయటపడదు.

పరీక్ష కోసం ఒక ఉత్తుత్తి బ్లాకు తయారుచేశాను. సేవ నంబరు 3, ఎయిర్‌పోర్టు శంషాబాద్ కోడు వీ-ఓ-హెచ్-ఎస్. మొదటి ఐదు బైట్లు 48, 19, 8, 15, 22. ఇప్పుడు మొదటి బైటు తీసేస్తే సీఆర్‌సీ వెంటనే మారిపోయింది. ఎగ్నోస్ బ్లాకుకైతే మొదటి బైటు 16. ఫ్రాన్స్ వాళ్ల చార్టుల వెంట ఫాస్ బ్లాక్ కూడా అచ్చేస్తారు, అవి తెచ్చి నడిపాను. సరిపోయాయి. అమెరికా డేటా మాత్రమే చూసి ఇలాంటి సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఉందని ఎవరైనా అంటే ఇకమీదట నేను ఎగ్నోస్ బ్లాకు ఒకటి చేతిలో పెట్టి అడుగుతాను.

ఇదే దారిలో ఇంకోటి. 40 బైట్లూ సున్నాలే ఉన్న బ్లాకు సీఆర్‌సీ కూడా సున్నాయే. అంటే ఖాళీ మెమరీ కూడా ఈ పరీక్ష పాసవుతుంది! అందుకే సీఆర్‌సీకి ముందు హద్దుల తనిఖీ ఉండాలి. వాలు సున్నా ఉంటే తోసెయ్, రన్‌వే నంబరు 36 దాటితే తోసెయ్, థ్రెషోల్డ్ దాటే ఎత్తు సున్నా అయితే తోసెయ్.

సెప్టెంబర్ మూడో వారం

సీఆర్‌సీ చెప్పేది ఒక్కటే: డిజైనర్ టేబుల్ మీంచి బయల్దేరిన బైట్లే నీదాకా వచ్చాయి. ఆ డిజైనర్ సరైన అంకెలు ఎక్కించాడా అన్నది దానికి తెలీదు. దస్తావేజు మీద స్టాంపూ సంతకమూ అసలువే, లోపల సర్వే నంబరు మాత్రం పక్కవాడి పొలానిది, అలా ఉంటుంది వ్యవహారం. అందుకని ఇక్కడి నుంచి అసలు పని.

ముందు ఎత్తు, ఎందుకంటే అన్నిటికంటే ప్రమాదం అక్కడే ఉంది. ఫాస్ బ్లాకులో థ్రెషోల్డ్ ఎత్తు సముద్రమట్టం నుంచి కొలిచింది కాదు. డబ్ల్యూజీఎస్-84 ఎలిప్సాయిడ్, అంటే జీపీఎస్ వాడే నున్నటి గుడ్డు ఆకారం, దాని ఉపరితలం నుంచి కొలిచింది. చార్టు మీద, రన్‌వే పక్కన, పైలట్ బుర్రలో ఉండే ఎత్తులన్నీ సముద్రమట్టం నుంచి. రెంటికీ మధ్య తేడా ప్రతి చోటా వేరు. దాన్ని జియాయిడ్ తేడా అంటారు.

డాలస్ దగ్గర సముద్రమట్టపు ఉపరితలం ఎలిప్సాయిడ్‌కి 26, 27 మీటర్ల కింద ఉంటుంది. డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎత్తు 607 అడుగులు, 185 మీటర్లు. ఎలిప్సాయిడ్ లెక్కలో అది 158 చిల్లర. ఇప్పుడు హైదరాబాద్ చూడండి. ప్రపంచంలో జియాయిడ్ అన్నిటికంటే లోతుగా కుంగిపోయింది శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో, 100 మీటర్ల పైనే. ఆ గుంట అంచులు మన దక్కను దాకా పాకాయి. హైదరాబాద్ దగ్గర తేడా 70 మీటర్ల పైమాటే. శంషాబాద్ ఎత్తు 2,024 అడుగులు, 617 మీటర్లు. ఎలిప్సాయిడ్ ఎత్తు అంతకంటే 70 చిల్లర మీటర్లు తక్కువ రావాలి.

ఎవరైనా పొరపాటున ఆ గడిలో 617 కొడితే? సీఆర్‌సీ ఆ 617కే కడతారు, చక్కగా సరిపోతుంది. హద్దుల తనిఖీ కూడా పాసవుతుంది, ఎందుకంటే ఈ గడిలో మైనస్ 512 నుంచి 6041.5 మీటర్ల దాకా ఏదైనా పడుతుంది. గ్లైడ్ పాత్ మాత్రం 70 చిల్లర మీటర్లు పైకి లేస్తుంది. 3 డిగ్రీల వాలులో ఎత్తు 10 మీటర్లు మారితే దారి నేలని తాకే చోటు 190 మీటర్లు జరుగుతుంది. 70 మీటర్లకి 1,300 పైన. మేఘాల్లోంచి బయటపడేసరికి రన్‌వే ముందు భాగం కాళ్ల కిందికి వెళ్లిపోయి ఉంటుంది.

ఇది ఇంకా నయమైన తప్పు. పారిస్ దగ్గర జియాయిడ్ ఎలిప్సాయిడ్‌కి 40 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ ఇదే పొరపాటు జరిగితే దారి 40 మీటర్లు కిందికి దిగి, రన్‌వే రాకముందే నేలలోకి పోతుంది. ఒకే పొరపాటు, హైదరాబాద్‌లో గో అరౌండ్‌తో (దిగకుండా మళ్లీ పైకి లేవడంతో) పోతుంది, పారిస్‌లో ప్రాణాల మీదికొస్తుంది.

పారిస్ మాట వచ్చింది కాబట్టి 2022 మే 23న చార్లెస్ డి గాల్‌లో జరిగింది చెప్పాలి. అది ఎల్‌పీవీ కాదు. ఉపగ్రహాలు అడ్డంగా దారి చూపిస్తే నిలువు దారి ఆల్టిమీటరు మీద ఆధారపడే రకం అప్రోచ్. పీడనం 1001 హెక్టోపాస్కల్స్ ఉంటే కంట్రోలర్ 1011 చెప్పారు. 10 హెక్టోపాస్కల్స్ తేడాకి ఎత్తులో 280 అడుగుల తేడా. రన్‌వేకి మైలు దూరంలోపే ఆ ఎయిర్‌బస్ ఏ320 రేడియో ఆల్టిమీటరు ప్రకారం నేలకి 6 అడుగుల దాకా దిగి, మళ్లీ పైకి లేచింది. కాక్‌పిట్ తెర మీద మాత్రం దారి మీదే ఉన్నట్టు కనిపించింది. ఎల్‌పీవీకి ఈ జబ్బు లేదు, దాని గ్లైడ్ పాత్‌కి పీడనంతో పని లేదు. మరి దాని జబ్బేది అంటే, ఎలిప్సాయిడ్ ఎత్తు గడి. పీడనం అంకె పూట పూటకీ మారుతుంది కాబట్టి అందరూ దాని మీద కన్నేసి ఉంచుతారు. ఈ అంకె ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు.

తనిఖీ ఎలాగంటే, సీఐఎఫ్‌పీలో పాత్ పాయింట్‌కి కొనసాగింపు లైను ఒకటుంటుంది. సముద్రమట్టపు ఎత్తు అందులో వస్తుంది. రెండు లైన్ల ఎత్తులు తీసివేస్తే జియాయిడ్ తేడా రావాలి. దాన్ని ఈజీఎం2008 అనే ప్రపంచ జియాయిడ్ మోడల్‌తో పోల్చాను. హద్దు 3 మీటర్లు పెట్టాను, ఎందుకంటే అమెరికా సర్వేవాళ్ల ఎత్తుల ప్రాతిపదిక, ఈజీఎం ప్రాతిపదిక ఒకటి కావు. అలాగే వాళ్ల నాడ్-83 అక్షాంశ రేఖాంశాలకీ, డబ్ల్యూజీఎస్-84కీ మధ్య ఒకటి రెండు మీటర్ల తేడా ఉంటుంది.

గ్రాఫు గీస్తే అమెరికా మ్యాపు మీద జియాయిడ్ బొమ్మ దానంతటదే తేలింది. ప్రధాన భూభాగమంతా మైనస్, అలాస్కాలో కొన్ని చోట్ల ప్లస్. ఆ రంగుల మధ్య ఒక్క చుక్క తేడాగా ఉన్నా కంటికి కొట్టొచ్చినట్టు కనపడేది. లేదు.

సెప్టెంబర్ చివర

థ్రెషోల్డ్‌ల స్థానం. ఎఫ్‌ఏఏ వాళ్లదే ఇంకో డేటాబేసు ఉంది, నాసర్ అంటారు. దాంట్లో ప్రతి రన్‌వే చివరి కొలతలూ ఉంటాయి. ఫాస్ బ్లాకులోని థ్రెషోల్డ్‌కీ, నాసర్‌లోని రన్‌వే చివరకీ దూరం కడితే పెద్ద గుంపు సున్నా దగ్గర, తోకలో మాత్రం వందల అడుగుల తేడాలు.

తోకలో ఎక్కువ భాగం డిస్‌ప్లేస్డ్ థ్రెషోల్డ్‌లు. చెట్లో కొండో అడ్డం ఉంటే తారు మొదలైన చోట కాకుండా కొంచెం లోపల దిగమంటారు. నాసర్‌లో ఆ చోటు కొలతలు వేరే గడిలో ఉంటాయి. అవి తీసుకుంటే తేడా సర్దుకుంది. ఇంకొన్ని, రన్‌వే నడిమి గీతకి కాస్త ఏటవాలుగా వచ్చే అప్రోచ్‌లు. వాటికి అసలు థ్రెషోల్డ్ బదులు గాల్లో లెక్క కోసం పెట్టుకున్న కల్పిత థ్రెషోల్డ్ ఉంటుంది. అది రన్‌వే మీద లేకపోవడమే సరైనది. ఈ రెండూ తీసేశాక మిగిలినవి మీటరు లోపు తేడాలు.

దిక్కు కోసం ఇంకో బిందువు ఉంటుంది, ఎఫ్‌పాప్ అంటారు. బ్లాకులో దాన్ని థ్రెషోల్డ్ నుంచి తేడాగా 24 బిట్లలో రాస్తారు. ఇక్కడ ఒక చిన్న రేఖాగణితం నాకు బాగా నచ్చింది. 2,750 మీటర్ల కంటే పొట్టి రన్‌వే అయితే ఈ బిందువు రన్‌వే చివర ఉండదు. దాన్ని దాటి, థ్రెషోల్డ్ నుంచి 2,750 మీటర్ల దగ్గర పెడతారు. దానికి ఇంకో 305 మీటర్ల అవతల ఇంకో ఊహా బిందువు, ఐఎల్‌ఎస్ అయితే లోకలైజర్ యాంటెన్నా ఉండే చోటు. అక్కడి నుంచి చూస్తే థ్రెషోల్డ్ దగ్గర 106.75 మీటర్ల సగం వెడల్పు సరిగ్గా 2 డిగ్రీలు చేస్తుంది. యాంటెన్నా లేకపోయినా ఉన్నట్టే సూది కదలాలని ఈ ఏర్పాటు, పైలట్‌కి తేడా తెలియకూడదు. ఇలాంటి పొట్టి రన్‌వేలకి ఈ 2 డిగ్రీలు చూసుకుంటే చాలు, దిక్కు బిందువు దూరంలోగానీ వెడల్పులోగానీ తప్పుంటే బయటపడుతుంది.

అక్టోబర్ 2, కొత్త సైకిల్

దసరా రోజే కొత్త ఫైలు పడింది. పూజ అయ్యాక రెండు సైకిళ్లనీ పక్కపక్కన పెట్టి తేడాలు తీశాను.

మారిన బ్లాకుల్లో నాకు ఆసక్తి కలిగించినవి, తారు అంగుళం కదలకుండానే సీఆర్‌సీ మారిపోయినవి. అయస్కాంత ఉత్తరం జరుగుతూ ఉంటుంది కాబట్టి రన్‌వే నంబర్లు ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి వస్తుంది. 17 కాస్తా 18 అవుతుంది. రన్‌వే నంబరు బ్లాకులోనే ఉంది కాబట్టి కొలతలన్నీ అవే ఉన్నా బ్లాకు కొత్తది, సీఆర్‌సీ కొత్తది. కాబట్టి "సీఆర్‌సీ మారింది, ఏదో కొలత మారింది" అనుకోకూడదు. అందుకే స్క్రిప్ట్ ఇప్పుడు ఏ గడి మారిందో పేరుపెట్టి చెబుతుంది. కొలత గడులు మారితే వేరే జాబితా, ఎత్తు గడి మారితే అన్నిటికంటే పైన.

అక్టోబర్ రెండో వారం

కాగితం లెక్కలతో సరిపెట్టడం నాకిష్టం లేదు. బావకి ఎలాగూ ప్రాక్టీసు అప్రోచ్‌లు కావాలి. వాతావరణం శుభ్రంగా ఉన్న ఉదయం అతని సెస్నా 172లో వెనక సీట్లో కూర్చున్నాను. పక్క సీట్లో సేఫ్టీ పైలట్. డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టు. ముందు అద్దం కింద యూ-బ్లాక్స్ రిసీవరు యాంటెన్నా అతికించి లాప్‌టాప్‌కి కలిపాను. పక్కనే ఐఫోన్‌లో ఒక ట్రాక్ రికార్డింగ్ యాప్. ఇంకో ఫోను, దారికి ఎంత పక్కనున్నామో చూపే సూదుల వీడియో తీస్తోంది.

"దాని మీదే కన్ను పెట్టకురా, బయట కూడా చూడు" అన్నాడు బావ. చూడలేదు.

ఇంటికొచ్చి ఫాస్ బ్లాకులోంచి దారి గీసి, రిసీవరు ట్రాకుని దాని మీద వేశాను. వీడియోలో సూది ఎటు ఎంత ఉందో, నా లెక్క ఎంత చెబుతోందో సమయం కలిపి చూసుకుంటే ఫైనల్ (రన్‌వేకి తిన్నగా వచ్చే చివరి భాగం) పొడవునా ఒకదాని వెంట ఒకటి నడిచాయి. గాలి తోసినప్పుడు బావ కుడికి జారిన చోటు కూడా రెంట్లోనూ ఉంది. ఆ మాట చెబితే నచ్చలేదు.

నిలువు సూది పోల్చడం కొంచెం తిరకాసు. పూర్తి స్కేలు అంటే వాలులో నాలుగో వంతు, 3 డిగ్రీలకి 0.75 డిగ్రీలు. దూరంగా ఉన్నప్పుడు అది 100 మీటర్ల పైన, దగ్గరికొచ్చే కొద్దీ సన్నబడుతుంది. 15 మీటర్ల దగ్గర సన్నబడటం ఆపేస్తారు, లేకపోతే చివర్లో సూది పట్టలేనంత చురుగ్గా అయిపోతుంది. ఈ ఆగే చోటు కోడులో పెట్టాకే చివరి భాగం వీడియోతో కలిసింది.

అన్నిటికంటే బాగా వచ్చింది ఫోను ట్రాకు. అడ్డంగా చూస్తే మామూలే, రిసీవరు ట్రాకుకి అటూ ఇటూ. నిలువుగా చూస్తే మొదటి నుంచి చివరి దాకా గ్లైడ్ పాత్‌కి 27 మీటర్ల పైన, సమాంతరంగా, గీటు పెట్టి గీసినట్టు. ఐఫోను ఇచ్చే ఆల్టిట్యూడ్ సముద్రమట్టం నుంచి. దాన్ని ఎలిప్సాయిడ్ లెక్కలో ఉన్న దారి మీద వేశాను కాబట్టి మధ్య దూరమంతా జియాయిడే. రిసీవరులో రెండు ఎత్తులూ వేర్వేరు గడుల్లో వస్తాయి, నేను వాడింది ఎలిప్సాయిడ్‌ది. సెప్టెంబర్‌లో రాసిన ఎత్తు గడి తప్పు ఎలా ఉంటుందో ఈ ఒక్క గ్రాఫు చూస్తే చాలు. ట్రాకు ఎక్కడా ఊగదు, ఎగుడుదిగుడు లేదు, అనుమానం రావడానికి ఏమీ లేదు. నున్నగా, నమ్మకంగా, 27 మీటర్ల తప్పు.

బావకి చూపించాను. "అయితే పెట్టెలో ఇలా ఉంటే నాకు తెలిసేదే కాదంటావు." ఎల్‌పీవీ మీద వచ్చినా ఫైనల్ మొదట్లో చార్టులో ఇచ్చిన ఎత్తుని ఆల్టిమీటరుతో పోల్చి చూసుకోమని శిక్షణలో చెబుతారు. 27 మీటర్లంటే 90 అడుగులు, శ్రద్ధగా చూస్తే తెలుస్తుంది. "చూస్తావా?" అని అడిగాను. "ఇకమీదట చూస్తాను" అన్నాడు.

ఇలాంటివి దొరకబుచ్చుకోవడానికే కొత్త ప్రొసీజర్ ప్రచురించే ముందు ఫ్లైట్ ఇన్‌స్పెక్షన్ విమానం వెళ్లి ఎగిరి చూసొస్తుంది. ఈ అంకెలు తప్పిపోయే అవకాశం 10 కోట్లలో ఒకటికి మించకూడదని అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో కొలమానం. దాన్ని అందుకునేది ఒక్క సీఆర్‌సీతో కాదు. సర్వే, స్వతంత్రంగా రెండోసారి లెక్క, ఎగిరి చూడటం, ప్రతి చేతి మార్పు దగ్గరా పోలిక, ఇవన్నీ కలిపి.

అక్టోబర్ మూడో వారం

ఇప్పుడు నా మనసు గగన్ వైపు ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఇస్రో కలిసి కట్టిన ఈ వ్యవస్థకి 2013 డిసెంబర్ 30న మొదటి సర్టిఫికేషన్, నిలువు మార్గదర్శనానికి 2015 ఏప్రిల్ 21న వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్-72 రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో ఎల్‌పీవీ మీద దిగింది. దేశమంతటా ఉన్న 15 రిఫరెన్స్ స్టేషన్లలో మనకి దగ్గరివి నాగపూర్, భువనేశ్వర్, బెంగళూరు. మన మీది అయనోస్ఫియర్ భూమధ్యరేఖ ప్రాంతపు అల్లరి పిల్ల, సాయంత్రాలు మరీను. గగన్ లెక్కల్లో సగం తంటా దాంతోనే. అది ఉపగ్రహాల వైపు కథ, దానికి కాపలా ఉంది.

నాకు కావలసింది నేల వైపు. ఐఎల్‌ఎస్ పెట్టలేని చిన్న ఎయిర్‌పోర్టులకే ఎల్‌పీవీ ఎక్కువ మేలు. అంటే కొత్తగా సర్వే చేసి, కొత్తగా బ్లాకు కట్టాల్సిన రన్‌వేలే ఎక్కువ. పైగా జియాయిడ్ తేడా అమెరికా కంటే మన దగ్గర చాలా పెద్దది, దక్షిణానికి పోయేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి ఎత్తు గడిలో పొరపాటు పడితే దాచుకోలేనంత పెద్దగా కనపడుతుంది. స్క్రిప్ట్‌కి ఇది పండగే.

స్క్రిప్ట్‌లో రెండు మార్పులు చేశాను. సేవ నంబరు 3 ఉన్న బ్లాకు వస్తే జియాయిడ్ హద్దు 3 మీటర్ల బదులు 5, ఎందుకంటే మన సముద్రమట్టపు ప్రాతిపదికకీ ఈజీఎంకీ మధ్య తేడా ఎంతో ఇంకా కుదురుగా చూడాలి. రెండోది, సముద్రమట్టపు ఎత్తుకీ బ్లాకులోని ఎత్తుకీ తేడా మీటరు లోపే ఉంటే పెద్దక్షరాల్లో అరుస్తుంది. డాలస్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఆ రెండూ ఒకటిగా ఉండే ప్రసక్తే లేదు. జియాయిడ్ తేడా నిజంగా సున్నా దాటే చోట్లు, అలాస్కాలో లాంటివి, మినహాయింపు జాబితాలో పెట్టాను.

తర్వాతి సైకిల్ అక్టోబర్ 30. ఫైలు పడగానే స్క్రిప్ట్ దానంతటదే నడిచి, మారిన ఎత్తు గడుల జాబితా నాకు మెయిల్ చేస్తుంది. ఇంకోటి బావకి కూడా పంపమన్నాడు, అతను దిగే ఎయిర్‌పోర్టులవి మాత్రమే.